నీలం టేబుల్ దగ్గర మాత్రమే చెప్పే పేరు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో కీకారణ్యం ఉంది, అందులో తప్పిపోయిన రాకుమారుడున్నాడు, పరుగులు తీసే తల్లి ఉంది, కొయ్యబారిన తండ్రి ఉన్నాడు, చివర్లో ఒక ద్వారపాలకుడు రహస్యం విప్పుతాడు. చదివాక మీ జీవితం మారిపోతుంది.

మారదు. అబద్ధం చెప్పాను. రాకుమారుడికి ఏడేళ్ళు. కీకారణ్యమంటే తార్నాక పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లోని చెట్లు. రహస్యమంటే ఒక ఫోన్ నంబరు. మొత్తం జరగడానికి పట్టిన సమయం ఒక టీవీ సీరియల్ భాగమంత, ప్రకటనలతో కలిపి. అయినా ఆ కాసేపట్లో నా అరచేతులకు పట్టిన చెమట తలుచుకుంటే మళ్ళీ పడుతుంది కాబట్టి రాస్తున్నాను.

2023 వానాకాలం. నేను బిహేవియర్ థెరపిస్టుని. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి, పనులనూ మాటలనూ చిన్న చిన్న ముక్కలు చేసి ఎలా నేర్పాలో అమ్మానాన్నలకు చూపిస్తాను. వారానికి రెండు సాయంత్రాలు నేను, మిగిలిన రోజులన్నీ వాళ్ళే. దీన్ని హోమ్ ప్రోగ్రామ్ అంటారు. అంటే ఇల్లే బడి, అమ్మే టీచరు, నాన్నే హెడ్‌మాస్టరు, వేసవి సెలవులు లేవు. విద్యానగర్‌లో మా ఓనర్ ఆంటీ నన్ను అందరికీ "పిచ్చి డాక్టరమ్మ" అని పరిచయం చేస్తుంది. నేను డాక్టర్ని కాదాంటీ అని చెప్పాను. "సరేలే, మిగతాది కరెక్టే గదా" అంది.

ప్రసాద్ గారు యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతారు. ఆయన భార్య కరుణ గారు స్కూల్ టీచరు, కొడుకు కోసం ఉద్యోగం మానేశారు. ఇద్దరిదీ భీమవరం వైపు. తార్నాకలో ఒక సందులో రెండో అంతస్తు ఫ్లాటు. కొడుకు పేరు జోయెల్. నేను మొదటిరోజు వెళ్ళినప్పుడు ఏం నేర్పాలో అడిగి రాసుకోవడానికి పెద్ద పట్టిక తీసుకెళ్ళాను. కరుణ గారు దాన్ని మూసేసి నా చేతికిచ్చారు.

"మొన్న ఎండాకాలంలో తలుపు తీసుంటే వాడు రోడ్డు మీదికి పరిగెత్తాడండీ. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. చదువూ గిదువూ తర్వాత. వాడు తప్పిపోతే, ఎవరైనా అడిగితే, తన పేరూ వాళ్ళ డాడీ ఫోన్ నంబరూ చెప్పగలగాలి. నాకదొక్కటే కావాలి."

"ఇంకేవైనా మేడమ్? పళ్ళు తోముకోవడం, చొక్కా గుండీలు..."

"ముందు నన్ను ఒక్క రాత్రి నిద్రపోనివ్వండి. గుండీలు తర్వాత చూద్దాం."

కాబట్టి ఒక్కటే పని. హాల్లో ఒక నీలం ప్లాస్టిక్ టేబుల్, అటూ ఇటూ రెండు కుర్చీలు. జోయెల్ కూర్చుని, చేతులు తొడల మీద పెట్టుకుని, ఎదుటి మనిషి వైపు చూడాలి. పేరు అడుగుతాం. చెబుతాడు. వెంటనే వాడికిష్టమైనది చేతిలో పడుతుంది. దాన్ని రీఇన్‌ఫోర్సర్ అంటారు, మన భాషలో జీతం. జోయెల్ జీతం గుప్పెడు మరమరాలు. ఆలస్యమైతే చెయ్యి చాపి అడిగేవాడు. హక్కులు తెలిసిన ఉద్యోగి.

కొద్ది వారాల్లో పేరు వచ్చింది, తర్వాత నంబరు కూడా వచ్చింది, అదీ రాగం తీస్తూ. ప్రసాద్ గారి ఆనందానికి హద్దు లేదు. కుర్చీ కాళ్ళు కదలకుండా నేల మీద ఎర్ర టేపు అంటించి గుర్తులు పెట్టారు. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. అదే పిల్లవాణ్ణి, అదే ప్రశ్న, సోఫాలో కూర్చోబెట్టి అడిగితే సీలింగ్ ఫ్యాను వైపు చూసేవాడు. బాల్కనీలో అడిగితే అసలు చూసేవాడే కాదు. వాడి లెక్కలో పేరనేది నీలం టేబుల్‌కు సంబంధించిన విషయం.

ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట, ఇంకో మనిషి దగ్గర కూడా రావడాన్ని మా వృత్తిలో జనరలైజేషన్ అంటారు. అది లేకపోతే ఏం నేర్పినా స్నానాల గదిలో పాడే పాట లాంటిది. అందుకే బయటికి తీసుకెళ్దామన్నాను.

ప్రసాద్ గారు ఒప్పుకోలేదు. "కండిషన్స్ మారిస్తే రిజల్ట్ మారుతుందమ్మా. ముందు ఇక్కడ పర్ఫెక్ట్ కానీ."

"సార్, తప్పిపోయేవాడు టేబుల్ చంకన పెట్టుకుని తప్పిపోడు కద."

కరుణ గారు నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. "శనివారం వెళ్దాం" అన్నారు.

శనివారం సాయంత్రం వాన వెలిసింది. క్యాంపస్ గేటు లోపలికి వెళ్ళగానే పక్కన సెక్యూరిటీ గది ఉంది. లోపల ఒక ఇనుప టేబుల్, దాని మీద అటూ ఇటూ తల తిప్పుతూ టేబుల్ ఫ్యాను. జోయెల్ దృష్టిలో భూమి తిరిగేది ఫ్యాన్ల కోసమే. వాళ్ళ అమ్మ చెయ్యి పట్టుకుని ఆ గది వైపు లాగాడు.

"ముందు పేరు, తర్వాత ఫ్యాను" అన్నారు ప్రసాద్ గారు.

కొంచెం లోపలికి నడిచి, చెట్ల కింద ఆగాం. నా నియమం ప్రకారం సెషన్ జరిగేటప్పుడు అందరి ఫోన్లూ సైలెంట్‌లో, నా సంచిలో ఉండాలి. పెట్టారు. ప్రసాద్ గారు పేరడిగారు. జోయెల్ గేటు వైపు చూశాడు. మళ్ళీ అడిగారు. వాడు సన్నగా మూలగడం మొదలుపెట్టాడు. మూలుగు పెరిగి రాగమైంది.

ఇక్కడ ఇంకో పదం అవసరం. పిల్లవాడు మారాం చేసి పని సాధించుకోవడం అలవాటు కాకూడదని, ఆ మారాం జరుగుతున్నంతసేపూ దాన్ని పట్టించుకోనట్టు ఉండటాన్ని ప్లాన్డ్ ఇగ్నోరింగ్ అంటారు. ముఖం తిప్పుకోవాలి, మాట్లాడకూడదు, ఆగిన క్షణంలో మెచ్చుకోవాలి. ఇంట్లో తలుపుకు గడియ పెట్టి ఉంటుంది కాబట్టి అది బాగా సాగేది. ఆ అమ్మానాన్నలకు దీనిలో మంచి సాధన ఉంది. నా సంగతి చెప్పేదేముంది. ముగ్గురం ఒకేసారి వాడికి వీపు తిప్పి, ఎదురుగా ఉన్న వేపచెట్టును మహా ఆసక్తిగా చూస్తూ నిలబడ్డాం. వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయన కూడా ఆగి, చెట్టులో ఏముందా అని మెడ చాచాడు.

మూలుగు తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగింది.

"ఆపేశాడండీ" అని గుసగుసగా అన్నారు కరుణ గారు. ఆమె గొంతులో గర్వం.

"ఇంకాసేపు ఉండు" అన్నారు ప్రసాద్ గారు.

ఇంకాసేపు ఉన్నాం. తర్వాత ముగ్గురం చిరునవ్వులతో, చేతుల్లో మరమరాలతో, "వెరీ గుడ్ జో..." అంటూ ఇటు తిరిగాం.

వెనక ఎవరూ లేరు.

కరుణ గారు చెట్ల మధ్య అడ్డదారిన మెయిన్ రోడ్డు వైపు పరిగెత్తారు, ఎందుకంటే పోయినసారి వాడు వెళ్ళింది అటే. ప్రసాద్ గారు ఒక్క నిమిషం మరమరాలు పట్టుకుని అలాగే నిలబడిపోయి, "రైలు పట్టాలు" అని ఇంకో దిక్కుకు పరుగు అందుకున్నారు. నేను చెట్లలోకి వెళ్ళాను, అటువైపు ఎక్కడో నీళ్ళ గుంట ఉందని గుర్తొచ్చి. ముగ్గురం మూడు చావుల వైపు పరిగెత్తాం. ఫ్యాను వైపు ఒక్కరం కూడా వెళ్ళలేదు. భయం ఎప్పుడూ ముందు ప్రమాదం ఉన్నచోటికే వెళ్తుంది, పిల్లవాడు మాత్రం తనకిష్టమైన చోటికి వెళ్తాడు. ఇది ఇప్పుడు రాయడం తేలిక.

వాకింగ్ పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. "అంకుల్, పసుపు టీషర్ట్ బాబు గిటు పోయిండా?"

"నేను చెట్టు జూస్తున్న బిడ్డా" అన్నాడాయన. "మీరేదో జూస్తుంటే."

మామూలుగా ఇలాంటి మాట వింటే నాకు వారం రోజులకు సరిపడా నవ్వొస్తుంది. ఆరోజు ఆయన్ని దాటుకుని పరిగెత్తాను. నీళ్ళ గుంట నిండుగా, కదలకుండా ఉంది. కదలని నీళ్ళను చూసి సంతోషించాలో భయపడాలో తెలియలేదు. వెనక్కి వచ్చేసరికి కరుణ గారు రోడ్డు దగ్గర్నుంచి తిరిగి వస్తూ కనిపించారు. "ప్రభువా, ప్రభువా" అంటున్నారు, మధ్యమధ్యలో "జోయెల్!" అని కేక వేస్తున్నారు. బయట బస్సు బ్రేకు చప్పుడు వినబడిన ప్రతిసారీ ఆమె మనిషి మొత్తం అటు తిరిగిపోతోంది.

"పిలిస్తే పలకడని నాకు తెలుసు" అన్నారు నన్ను చూసి. "తెలుసు. పిలవకుండా ఎలా ఉండమంటారు?"

నేనూ పిలిచాను.

ప్రసాద్ గారు పట్టాల వైపు నుంచి వచ్చారు. తల అడ్డంగా ఊపారు. మబ్బు మళ్ళీ కమ్ముతోంది, చెట్ల కింద మసకగా ఉంది. "పోలీసులకి ఫోన్ చేద్దాం" అన్నారు కరుణ గారు. అప్పుడు గుర్తొచ్చింది, ఫోన్లు నా సంచిలో ఉన్నాయని. ఇంతసేపూ వాటిని భుజాన వేసుకునే పరిగెత్తాను. ప్రసాద్ గారి ఫోన్ తీస్తే తెర నిండా మిస్డ్ కాల్స్. అన్నీ ఒకే తెలియని నంబరు నుంచి. అదే నంబరు నొక్కాను. స్పీకర్‌లో పెట్టాను.

"హలో! ఎవరు సార్ మీరు? ఎన్నిసార్లు జెయ్యాలె? మీ పోరడు గీడ గేటు కాడ నా రూంల కూసున్నడు. ఫ్యాన్ కాడికెంచి లేస్తలేడు."

పరిగెత్తాం అని రాయాలి కానీ నిజానికి ప్రసాద్ గారు రెండడుగులు వేసి కింద కూర్చుండిపోయారు. ఇద్దరం లేపి నడిపించుకుంటూ వెళ్ళాం.

సెక్యూరిటీ గార్డు నడివయసు మనిషి. చాలా కోపంగా ఉన్నాడు. లోపల జోయెల్ ప్లాస్టిక్ కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఫ్యానును చూస్తున్నాడు. చేతిలో పల్లీలు.

"వచ్చుడు వచ్చుడే ఫ్యాన్ ముంగట నిలవడ్డడు" అన్నాడు గార్డు. "పేరేందిరా అంటె నా దిక్కు జూడనే జూడలె. చెవుడేమో అనుకున్న. నిలవడి కాళ్ళు గుంజుతయని కుర్చీ ఏసి, గీ టేబుల్ ముంగట కూసోవెట్టిన. గంతే! చేతులు గిట్ల తొడల మీద వెట్టి సక్కగ నా మొకం జూసిండు. గప్పుడడిగితే పేరు జెప్పిండు. డాడీ ఫోన్ నంబర్ జెప్పు అంటె పాట లెక్క పాడిండు. పాడి చెయ్యి చాపిండు సార్, లంచమడిగినట్టు! నా దగ్గర పల్లీలుంటె ఇచ్చిన."

ప్రసాద్ గారు ఏదో అనబోయి, నోటికి ఏదొస్తే అదే అన్నారు. "పల్లీలా? వాడికి మరమరాలండీ..."

"మంచిగనే ఉన్నది సార్! ముగ్గురు పెద్దమనుషులుండి ఒక్క పోరన్ని జూసుకుంటలేరా?"

"మేం... కావాలనే చూడలేదండీ" అన్నారు ప్రసాద్ గారు.

గార్డు ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. "కావాల్నని జూడలె?"

ప్లాన్డ్ ఇగ్నోరింగ్ అంటే ఏమిటో నేను ఎంతోమందికి వివరించాను. ఆ గార్డుకు వివరించే ధైర్యం నాకు రాలేదు.

కరుణ గారు కొడుకును కౌగిలించుకోలేదు. వాడికి గట్టిగా పట్టుకుంటే నచ్చదు. వాడి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. ఫ్యాను ఎటు తిరిగితే అటు జోయెల్ ముఖం తిరుగుతోంది. కాసేపటికి ఆమె ముఖం కూడా తిరగడం మొదలైంది.

"ఇటే వస్తానన్నాడు" అన్నారు, ఎవరినీ చూడకుండా. "చెయ్యి పట్టుకుని లాగి మరీ చెప్పాడు. వాడు మొదట్లోనే చెప్పాడు. మనమే పేరు చెప్పమని కూర్చున్నాం."

"టేబుల్ దగ్గరే చెప్పాడు చూశారా" అన్నారు ప్రసాద్ గారు నాతో. "నేను చెప్పానా, టేబుల్ ఉంటే..."

"అవును సార్. ఇక హైదరాబాద్ మొత్తం టేబుల్స్ వేయిద్దాం."

నేను ఈ మాట అన్నాక ఆయన ఏడ్చారు. నా జోకులకు అప్పటిదాకా వచ్చిన స్పందనల్లో అది కొత్తది. గార్డు లేచి ఆయనకు మంచినీళ్ళ బాటిలు ఇచ్చాడు. కోపం తగ్గలేదు, అయినా ఇచ్చాడు.

తర్వాత మేం చేసిన మార్పులు చెబుతాను, పెద్దవేం కావు. వాడు చెయ్యి పట్టి లాగితే అది మారాం కాదు, మాట అని లెక్కవేసుకున్నాం. లాగితే ముందు "ఫ్యాను కావాలా" అని అడగడం, ఆ మాట వాడి చేత అనిపించడం, ఆ తర్వాతే మిగతావి. ముఖం తిప్పుకునే పద్ధతి నాలుగు గోడలు దాటి ఎక్కడా వాడొద్దని అప్పటినుంచి ప్రతి ఇంట్లోనూ చెబుతున్నాను, గార్డు కథతో సహా. నా సెషన్లలో ఫోన్లు సైలెంట్‌లో ఉండవు. ఎర్ర టేపు ప్రసాద్ గారే గోరుతో గీకి తీసేశారు. పేరు అడిగే చోట్లు మారాయి: మెట్ల మీద, లిఫ్టులో, చర్చి వరండాలో, వారాసిగూడలో వాళ్ళ పిన్ని ఇంట్లో. చాలాకాలం వాడు ఎక్కడా చెప్పలేదు. కరుణ గారు ఒక్కరోజు కూడా అడగడం మానలేదు.

చలికాలంలో ఒకసారి తార్నాక రోడ్డు మీద జామకాయల బండి దగ్గర నిలబడి ఉన్నాం. కాయ కోస్తూ బండి ఆమె ఊరికే అడిగింది. "నీ పేరేంది నాయనా?" కుర్చీ లేదు, టేబుల్ లేదు. నేనూ కరుణ గారూ వాణ్ణే చూస్తున్నాం. ఈసారి ముఖాలు తిప్పుకోలేదు. జోయెల్ జామకాయల వైపు చూస్తూనే పేరు చెప్పాడు. చెప్పి చెయ్యి చాపాడు. ఆమె ఉప్పూకారం అద్దిన ముక్క అందులో పెట్టింది.

ఇంటికి నడుస్తుంటే అడిగాను. "మేడమ్, ఇప్పుడు నిద్ర పడుతుందా?"

"ఎక్కడండీ" అన్నారు కరుణ గారు. "అడిగితే చెబుతాడు. ఆ అడిగే మనిషి ముందు బస్సు కంటే త్వరగా రావాలి కదా."

ఆ కేసు నాకు నేర్పింది ఇదీ అని ఒక గొప్ప వాక్యం రాయాలని చాలాసేపు కూర్చున్నాను. పిల్లవాడు మనం అడిగిన భాషలోనే జవాబు చెప్పాలని లేదు, ఇప్పటికే చెప్పేసి ఉండొచ్చు. అంతవరకు వచ్చింది. ఆ తర్వాత ప్రసాద్ గారు ఫోన్ చేశారు, తలుపుకు పైన ఇంకో గడియ బిగించామని, వాడికి అందని ఎత్తులో. నేను వెళ్ళి చూశాను. ప్రస్తుతానికి అందదు. వానాకాలంలో తుప్పు పట్టి బిగుసుకుపోతోంది, అప్పుడప్పుడూ కొబ్బరినూనె చుక్క వేయాలి.