పెట్రోలు డబ్బా పక్కన పెట్టిన కవర్లు

నేను వరంగల్‌లో క్లూస్ టీంలో పనిచేస్తాను. నేరం జరిగిన చోట ఆనవాళ్లు సేకరించి ల్యాబుకు పంపడం మా పని. తొర్రూరు దగ్గర ఒక ఊళ్లో టైలర్ షాపు తగలబడి, లోపల పడుకున్న టైలర్ చనిపోయాడు. షాపు జాగ కోసం అతనితో కొట్లాడుతున్న తమ్ముణ్ణి నేను చేరేసరికే స్టేషన్‌లో కూర్చోబెట్టారు.

పొద్దున్నే ఏరిన కాలిన గుడ్డపేలికలు, గడప దగ్గరి మట్టి పోలీసులు మామూలు పాలిథిన్ కవర్లలో కట్టి తమ జీపు వెనక పడేశారు. వాటికి ఆనుకొని స్టేషన్ జనరేటర్ కోసం తెచ్చిన పెట్రోలు డబ్బా. మూత వదులుగా ఉంది.

"కవర్లు పెట్రోలు వాసన కొడుతున్నయ్ మేడం. తమ్ముడే పోసిండు," అన్నాడు ఎస్సై.

"ఈ వాసన షాపుదా సార్, మీ డబ్బాదా?"

ఆయన వంగి డబ్బా మూత బిగించాడు. పెట్రోలు ఆవిరిని పాలిథిన్ ఆపలేదు. లోపలిది బయటికి పోతుంది, బయటిది లోపలికి వస్తుంది.

మళ్లీ మొదలుపెట్టాను. చోటు మారినప్పుడల్లా గ్లౌజులు మార్చి, గడప పగుల్లోని మట్టి, కుట్టుమిషను కింది బొగ్గు వేర్వేరు కొత్త టిన్ను డబ్బాల్లో పెట్టి గాలి చొరబడకుండా సీలు వేశాను. ఆ టిన్నుల్లోనే ముందునుంచీ ఏమైనా ఉంటే తెలియాలని ఒక ఖాళీదానికీ సీలు వేశాను. కానీ అప్పటికే ఎండ ముదిరింది. మంట ఆర్పిన నీళ్లలో జనం తిరిగి తొక్కేశారు.

కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది. నా డబ్బాల్లో పెట్రోలు జాడ లేదు. మొదటి కవర్లలో ఉంది కానీ, అది ఎక్కడిదో చెప్పలేమన్నారు. తమ్ముణ్ణి వదిలేశారు.

టైలర్ భార్య స్టేషన్ బయట నన్ను ఆపింది.

"పోసినట్టా, పోయనట్టా మేడం?"

"చెప్పలేమమ్మా. నేను తీసేసరికి ఆవిరైపోయి ఉండొచ్చు. అసలే లేకపోయి ఉండొచ్చు."

"ముందుగాల తీసినయి?"

"అవి జీపుల పాడైనయ్."

ఆమె ఏడవలేదు. "వాడు చేసి ఉంటే నేను ఊకున్నదాన్నైత. చెయ్యకుంటే ఉత్తగ శాపాలు పెట్టినదాన్నైత. గదన్న తేల్చకపోతిరి," అంది.

ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కొని ఆటో ఎక్కింది.

తిరిగి వస్తుంటే ఆ తమ్ముడు షాపు ముందు కాలిన రేకులు ఒక్కడే లాగుతున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు అతని దగ్గరికి రాగానే అవతలి పక్కకు జరిగి నడుస్తున్నారు.