ఫైలు మాయమైన ఆఫీసు

కంప్యూటర్ నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రాయచూరు లైబ్రరీలో నేర్చుకున్నాను. అక్కడ కంప్యూటర్ లేదు, కంప్యూటర్ మీద రాసిన పుస్తకం ఒకటి ఉండేది. దాన్నే మళ్ళీ మళ్ళీ తెచ్చుకొని చదివి, మౌసు ముట్టుకోకముందే సగం పండితుణ్ణయ్యాను. "ఫైల్, ఎడిట్, వ్యూ, ఇన్సర్ట్, ఫార్మాట్..." అని తెర మీది పై వరుసను ఎక్కాల్లాగా అప్పజెప్పేవాణ్ణి. షార్ట్‌కట్లు ఉన్న పేజీని మాత్రం ఎవరో చింపుకొని పోయారు. దగ్గరి దారి వెతుక్కునేవాడు కూర్చొని కాపీ రాసుకుంటాడా?

ఆ చదువుతోనే కరెంటు కార్ఖానా దగ్గర ఒక లేబర్ కాంట్రాక్టరు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆఫీసంటే రేకుల గది. కిటికీ తెరిస్తే పొగగొట్టాలు కనిపించేవి, మూస్తే ఉక్కపోసేది. తెరిచినా మూసినా టేబుల్ మీద బూడిద పడేది. ఉండేది ముగ్గురం: కాంట్రాక్టర్ సేటు, లెక్కలు రాసే అక్క, నేను. ఏ మాట వచ్చినా "పుస్తకంల గిట్ల ఉన్నది" అంటానని సేటు నన్ను లైబ్రరీ సాబ్ అని పిలిచేవాడు. వెక్కిరింతే. అయినా అందులో సాబ్ అన్న మాట ఉంది కదా అని నేను సంతోషంగానే పలికేవాణ్ణి.

ఒకసారి బాయిలర్ ఆపి మరమ్మతు చేసే పని వచ్చింది. ఇడపనూరు నుంచి మేస్త్రీ తన ముఠాను తీసుకొని దిగాడు. పొలాల్లో పనుల్లేని కాలం. ఈ పని దొరికితే వానలు పడేదాకా వాళ్ళకు నిశ్చింత. కాని గేటు పాసులు లేనిదే కార్ఖానాలోకి రానివ్వరు. చేత్తో రాసినవి చెల్లవు, కంప్యూటర్లో కొట్టినవే కావాలి. సాయంత్రం సెక్యూరిటీ ఆఫీసరు ఇంటికి పోయేలోగా వాటి మీద సంతకం పడకపోతే, పని ఇంకో ముఠాకు పోతుంది.

ధైర్యంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముందురోజే మెకానిక్ వచ్చి, వైరస్ పట్టిందని పాతదంతా తీసేసి కొత్తది వేసి పోయాడు. తెర పైన నా ఎక్కం లేదు. దాని చోట ఒక వెడల్పాటి పట్టీ, పట్టీ నిండా బొమ్మలు. మొదటి మాట 'హోమ్'.

"పొద్దుగాల్నే ఇంటికి పొమ్మంటున్నదేంది తమ్ముడూ?" అంది అక్క, నా భుజం మీదుగా చూస్తూ.

"అక్కా, ఫైల్ లేదు."

"బీరువల సూడు."

"బీరువల కాదక్కా, తెర మీద. ఫైల్‌లనే ప్రింట్ ఉంటది. ఆ ఫైలే లేదు."

సేటు కుర్చీలోంచి లేచాడు. "ఫైల్ లేని ఆఫీసు యాడన్న ఉంటదా సాబ్?"

మధ్యాహ్నానికల్లా పాసులు టైపు చేశాను. దొరకనిది ప్రింటే. కనిపించిన ప్రతి బొమ్మా నొక్కాను. అక్షరాలకు నీడలు వేసింది, రంగులు పూసింది, మేస్త్రీ పేరు చుట్టూ పూల అంచు పెట్టింది. కాగితం మీద మాత్రం వేయనంటుంది. "పెండ్లి పత్రిక మస్తుగ అయింది, పెండ్లికూతురే తక్కువ" అంది అక్క. మెకానిక్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్.

పొద్దు వాలుతుండగా అక్క తెర ఎడమ మూలన వేలు పెట్టింది. "గీ గుండ్రటిది ఏంది? బొట్టు లెక్క ఉన్నది."

"అది కంపెనోళ్ళ ముద్ర. చాళుక్యుల రాగి శాసనాలకు కడియం ఉంటది, ఆ కడియానికి వరాహ ముద్ర ఉంటది. గట్లాంటిదే ఇది. రాజముద్రను ఎవ్వరు ముట్టరు."

చాళుక్యుల సంగతి లైబ్రరీలో ఒక లావుపాటి కన్నడ పుస్తకంలో చదివాను. అప్పుడూ తప్పు కాదు, ఇప్పుడూ తప్పు కాదు.

"మరి బాణం దాని మీదికి పోతే మెరుస్తదేంది? రాజముద్ర కన్ను గొడ్తదా?" అంది అక్క.

ఇంతలో మేస్త్రీ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సేటూ, ఆడోళ్ళు పొద్దుగాల్నుంచి ఎండల కూసున్నరు. పని ఉన్నదా, ఊరి బస్సెక్కమంటవా?"

సేటు నా వైపు తిరిగాడు. "దబావ్ సాబ్, దాన్ని దబావ్!"

"ఒత్తితే టైపు చేసిందంత పోతదేమో సేటూ."

"పోతే పోనీ. రాజు వొచ్చి అడిగితే నా పేరు చెప్పు."

కళ్ళు మూసుకొని నొక్కాను. తెరిచి చూస్తే, ఫైల్‌లో ఉండాల్సినవన్నీ అక్కడే ఒకదాని కింద ఒకటి వరుసగా ఉన్నాయి, ఇంటిల్లిపాదీ ఎవరికీ చెప్పకుండా వీధి మారి కాపురం పెట్టినట్టు. వాటి మధ్యన ప్రింట్. పూల అంచు చెరిపేసి నొక్కాను. ప్రింటర్ గరగరమంది. అక్క చప్పట్లు కొట్టింది.

సేటు స్కూటర్ మీద ఇద్దరం గేటు దగ్గరికి చేరేసరికి ఆఫీసరు సంచి భుజానికి వేసుకొని బయటికి వస్తున్నాడు. పాసులు తీసుకొని కనుబొమలు ముడిచాడు.

"ఏనప్పా, ఈ అక్షర బేరె అదావల్లా? డూప్లికేటా?"

అక్షరాలు పాత పాసుల కంటే వేరుగా ఉన్నాయన్నది ఆయన అనుమానం. నిజమే, కొత్తది మెనూతో పాటు అక్షరాల రూపం కూడా మార్చేసింది. హడావిడిలో నేను చూడలేదు. లిపులు కాలంతో పాటు ఎలా మారుతూ వచ్చాయో బ్రాహ్మి నుంచి వివరిద్దామని గొంతు సవరించుకున్నాను. సేటు నా కాలు తొక్కి, కన్నడంలో తానే అందుకున్నాడు.

"సాహెబ్రే, హొస మిషన్!"

కొత్త మిషన్ అనేసరికి ఆఫీసరు ముఖం విప్పారింది. ఒక పాసును దూరంగా పెట్టి చూసుకొని, "ఛలో అదావ" అన్నాడు. బాగున్నాయట. స్కూటర్ సీటు మీద పెట్టుకొని అన్నిటి మీదా సంతకాలు చేశాడు.

పాసుల కట్ట పట్టుకొని ముఠా దిగిన షెడ్డుకు వెళ్ళాను. రొట్టెలు కాలుస్తున్న ఒక పెద్దామె తల ఎత్తి చూసింది.

"గింతంత కాగితానికా నాయినా, మమ్మల్ని గంతసేపు ఎండవెట్టింది?"

"ఊకో అవ్వా" అన్నాడు మేస్త్రీ. "రేపు లోపటికి పోతున్నం. ఇగ వానలు పడేదాంక ఊరి మొకం సూసే పని లేదు. రా సాబ్, కూసో, రొట్టె తిను."

కూర్చున్నాను. వేడి జొన్నరొట్టె, పుండికూర అనే గోంగూర తింటూ, ఆఫీసరుకు చెప్పలేకపోయిన బ్రాహ్మి లిపి సంగతంతా వాళ్ళకు చెప్పాను. ఒక్కరూ లేచి పోలేదు. పాసులు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి.