సువార్తమ్మ గారి నెయ్యి

1961 వేసవి చివర్లో నన్ను గుడివాడ నుంచి బందరు మునిసిపాలిటీకి ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. కల్తీ నిరోధక చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్లే అయింది. హోదాలో నేను హెల్త్ ఆఫీసరు గారి కింద, శానిటరీ ఇన్‌స్పెక్టర్ల పక్కన ఉండేవాణ్ణి. జీతంలో వాళ్లకీ నాకూ పెద్ద తేడా లేదు గానీ, భయపెట్టడంలో ఉండేది. నేను బజారు మొదట్లో సైకిలు దిగితే చివరి కొట్లో పాలు వాటంతటవే చిక్కబడేవని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది నేనేనని గిట్టనివాళ్లు అంటారు.

నమూనా తీయడానికి ఒక క్రమం ఉంది. ముందు అమ్మేవాళ్లకు నోటీసు ఇవ్వాలి. సరుకును ధర చెల్లించి కొనాలి. ఊరికే తీసుకుంటే అది నమూనా కాదు. సాక్షుల ఎదుట మూడు భాగాలు చేసి, కడిగి ఆరబెట్టిన మూడు సీసాల్లో పోసి, బిరడా బిగించి, లక్కతో సీలు వేయాలి. ఒక సీసా అమ్మినవాళ్లకు, ఒకటి పరీక్ష కోసం ప్రభుత్వ ఎనలిస్టుకు, మూడోది కోర్టు కోసం నా దగ్గర. తమ సీసాను వాళ్లు భద్రంగా దాచుకోవాలి. మా రిపోర్టు మీద అనుమానం వస్తే కోర్టు ద్వారా దాన్ని పై లేబొరేటరీకి పంపించుకోవచ్చు. గూడూరు వైపు మిఠాయి కొట్టాయన ఒకడు మాత్రం ఆ సీసా సీలు పగలగొట్టి, నెయ్యి అన్నంలో కలుపుకుని తిని, సీసా శుభ్రంగా కడిగి నాకు తిరిగిచ్చాడు. వస్తువు అప్పగించినట్టు రసీదు కూడా అడిగాడు.

సువార్తమ్మ గారిది దివిసీమ. భర్త బడిపంతులుగా చేస్తూ పోయాక బందరు వచ్చి, చర్చి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని నెయ్యి అమ్మేవారు. సొంత ఊరి చుట్టుపక్కల ఇళ్లలో వెన్న పోగుచేసి, బస్సులో తెచ్చి, తనే కాచేవారు. ఆవిడ పొయ్యి మీద వెన్న కాగుతుంటే ఆ సందులో సైకిళ్లన్నీ వాటంతటవే నెమ్మదించేవి. ఊళ్లోని ఒక విద్యార్థుల హాస్టలు నెలనెలా ఆవిడ దగ్గరే కొనేది. ఆ హాస్టలు ఖాతాయే ఆవిడకు ఇల్లు గడిచే దారి. మునిసిపాలిటీ లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే కొనాలని హాస్టలు వాళ్ల నియమం. కల్తీ కేసులో శిక్ష పడితే లైసెన్సు ఉండదు. లైసెన్సు పోతే ఆ ఇల్లు గడవదు.

హాస్టలుకు సరఫరా చేసే వాళ్లందరి నుంచీ నమూనాలు తీయమని ఆఫీసులో ఆర్డరు వచ్చింది. నేను సాక్షులతో వెళ్లేసరికి ఆవిడ గడప కడుగుతున్నారు. గుడ్డమూట విప్పి, ఒక్కో సీసా వెలుతురుకు పెట్టి ఆవిడకూ సాక్షులకూ చూపించాను. కుండలోంచి నెయ్యి ఆవిడే గరిటెతో తీసి పోశారు. లక్క కరిగిస్తుంటే పకపకా నవ్వారు.

"సీలేస్తున్నారేంటండీ ఇనస్పెట్రు గారూ! ఇదేవన్నా జైలుకెళ్లే నెయ్యా?"

సాక్షులు కూడా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మర్యాదకు ఆపుకున్నాను.

ఎనలిస్టు రిపోర్టు వచ్చింది: నమూనాలో నువ్వుల నూనె ఉంది, నేతికి నిర్ణయించిన ప్రమాణానికి సరిపోదు. చదివేవారికి ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వనస్పతి తయారుచేసేవాళ్లు అందులో కొంత నువ్వుల నూనె కలిపి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. దాన్ని ఎవరైనా నేతిలో కలిపితే పట్టుకోవడానికే ఆ ఏర్పాటు. కరిగించిన నేతిని యాసిడ్‌తో, పంచదారతో కలిపి కుదిపితే, నువ్వుల నూనె ఉన్నచోట యాసిడ్ గులాబీ రంగుకు తిరుగుతుంది. చాలా సున్నితమైన పరీక్ష. రవ్వంత ఉన్నా రంగు చూపిస్తుంది.

అయితే అదే రిపోర్టులో మిగతా అంకెలన్నీ మంచి గేదె నేతివే. వనస్పతి కలిస్తే ఆ అంకెలు పడిపోవాలి. అలా పడలేదు. నాకు అంతుపట్టక, ఆవిడ దగ్గరికి వెళ్లి నూనె సంగతి అడిగాను. మొదట ముఖం పాలిపోయింది. పొయ్యి పక్కనున్న కుండ వైపు చూశాక తేటబడింది.

"అదా అండీ! ఎంత హడలగొట్టారండీ! పాత కుండ బీటేస్తే కొత్తది కొన్నాను కదండీ. కొత్త కుండకి నూనె పట్టించకపోతే నెయ్యంతా కుండే తాగేస్తది. మా అమ్మా అంతే చేసేది, మీ అమ్మగారూ అంతే చేసుంటారు. రెండ్రోజులు నువ్వుల నూనె పట్టించి, తుడిచి, అప్పుడు నెయ్యి పోశాను."

మా అమ్మా అంతే చేసేది. డెల్టాలో మట్టికుండ వాడే ఏ ఇల్లాలైనా అంతే చేస్తుంది. ఆవిడ మనసు తేలికపడి నాకు మజ్జిగ ఇచ్చారు. సంగతి తేలిపోయిందని ఆవిడ అనుకున్నారు. సంగతి తేలిందనే నేనూ అనుకున్నాను.

హెల్త్ ఆఫీసరు గారికి ఇదంతా విన్నవించాను. ఆయన చెడ్డవారు కారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు. "ఏమయ్యా, చట్టం కుండని అడుగుతుందా, సీసాని అడుగుతుందా? కుండ కథ విని ఈవిడ్ని వదిలితే రేపు బజారంతా కొత్త కుండలు కొంటారు" అని ప్రాసిక్యూషనుకు అనుమతి మీద సంతకం చేశారు. ఆ కాగితం పట్టుకెళ్లి కోర్టులో కేసు దాఖలు చేశాను.

సువార్తమ్మ గారి తరఫున వచ్చిన ప్లీడరు గారు కల్తీ కేసుల్లో ఆరితేరిన మనిషి. కుండ మాట కోర్టులో ఎత్తొద్దని ఆవిడకు గట్టిగా చెప్పారట. అది ఎత్తితే నేరం ఒప్పుకున్నట్టే. ఆయన వాదన వేరు: సీసాయే శుభ్రమైనది కాదు, నూనె అందులోదే. సీసా మీద అనుమానం పుడితే చాలు, కేసు కొట్టేస్తారు. మేజిస్ట్రేటు గారు అడిగినప్పుడు ఆవిడ "నాకేం తెలీదు" అంటే సరిపోతుంది.

నన్ను బోనులో చాలాసేపు నిలబెట్టారు. సీసాలు ఎక్కడివి, ఎవరు కడిగారు, ఏ నూనెకొట్లోంచి తెచ్చారు, ఆరాయని ఎలా తెలుసు. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతుంటే, గుమాస్తాలు నా చొక్కా మీద కూడా నూనె మరకలు వెతుకుతున్నట్టు చూశారు. కుండ గురించి ప్రభుత్వ వకీలూ అడగలేదు, ప్లీడరు గారూ అడగలేదు. సాక్షి అడిగినదానికే జవాబు చెప్పాలి. వాదన బాగానే నడిచింది. మేజిస్ట్రేటు గారు రెండుసార్లు తల ఊపారు కూడా.

చివర్లో ఆయన ఆవిడను అడిగారు, నేతిలోకి నూనె ఎలా వచ్చిందో చెప్పగలరా అని. ప్లీడరు గారు గొంతు సవరించుకున్నారు.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. "తెలీదంటే అబద్ధమవుద్దండీ" అన్నారు.

ముద్దాయి ప్రమాణం చేయక్కర్లేదని, తనకు ఇబ్బంది కలిగించే మాట చెప్పాల్సిన అవసరం లేదని మేజిస్ట్రేటు గారు శాంతంగా చెప్పారు.

"ప్రమాణం లేకపోతే అబద్ధమాడొచ్చాండీ? ఆ బాబు సీసాలు అద్దంలా ఉన్నాయి. నాకు చూపించాకే పోయించుకున్నారు. ఆయన్ని ఊరికే నిందిస్తున్నారు. నూనె నేను పట్టించిందేనండీ, కొత్త కుండకి. అందులో దోషమేవుందో మీరే చెప్పండి."

ప్లీడరు గారు కాగితాలు సర్దుకున్నారు. ఆవిడ చెప్పిన ఒక్కో మాటనూ మేజిస్ట్రేటు గారు నెమ్మదిగా రాసుకున్నారు. తీర్పులో ఆవిడ నిజాయితీని మెచ్చుకుంటూ ఒక వాక్యం కూడా రాశారు. తెలిసి చేశారా తెలియక చేశారా అన్నది ఈ చట్టం కింద ప్రశ్న కాదని ఆ తర్వాతి వాక్యం. జరిమానా వేశారు. లైసెన్సు రద్దయింది. హాస్టలు వాళ్లు వేరే వ్యాపారిని చూసుకున్నారు. మరుసటి ఏడు వర్షాలు మొదలయ్యేలోగా ఆవిడ గది ఖాళీ చేసి దివిసీమ వెళ్లిపోయారు. వెళ్లేముందు బజార్లో కనిపించి, "మీకేం మాట రాలేదు కదండీ బాబూ?" అని అడిగారు. రాలేదని చెప్పాను.

ఆ ఏడాదిలోనే అదే కోర్టులో, అదే ప్లీడరు గారు, సీసా శుభ్రమైనది కాదన్న అదే వాదనతో, వనస్పతి నిండుగా కలిపిన వ్యాపారిని ఒకణ్ణి విడిపించుకెళ్లారు. అతను తెలియదన్నాడు.

ఉద్యోగరీత్యా ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. సీసాలో ఏముందో పరీక్ష చెబుతుంది. అది అక్కడికి ఎలా చేరిందో కనుక్కోవడం ఎవరి విధుల్లోనూ రాసిలేదు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నేను తీసిన ప్రతి నమూనా పంచనామాలో, సరుకున్న పాత్ర మట్టిదా, ఇత్తడిదా, కొత్తదా, పాతదా అని ఒక వాక్యం చేర్చేవాణ్ణి. ఆ వాక్యం వల్ల ఒక్క కేసులోనూ తీర్పు మారలేదు.