జెయింట్ వీల్ ముందు రాస్తారోకో

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో మా అత్తగారికి ధర్నాలంటే ఒళ్ళు మంట. చీర ఫాల్ కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ బయల్దేరితే ఎల్బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో. తిరిగి వనస్థలిపురం వస్తుంటే వంటావార్పు, అంటే నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకు తినే నిరసన. "ఇళ్ళల్లో గ్యాసు లేదా వీళ్ళకి?" అని బస్సు కిటికీలోంచి ఆవిడ అడిగిన ప్రశ్న ఇబ్రహీంపట్నం దాకా వినబడి ఉంటుంది. గోదావరి అవతలి గట్టు మీది మనిషిని పడవ ఖర్చు లేకుండా ఇవతలి గట్టు నుంచే తిట్టగలిగిన గొంతు అది.

ఆవిడకు మిగిలిపోయిన కోరిక ఒక్కటే, జెయింట్ వీల్ ఎక్కడం. బతికున్నన్నాళ్ళూ మామగారు ప్రతి తిరనాళ్ళలోనూ తాను ఎక్కి, ఆవిడను కింద చెప్పులకు కాపలా పెట్టారు. అరవై దాటాక ఆవిడే తేల్చి చెప్పారు. "అల్లుడు గారూ, ఇప్పుడు ఎక్కకపోతే ఇక నేను పైకి వెళ్ళేది ఒక్కసారే." అంతటి మాట విన్నాక ఆగగలనా? బందు లేని ఆదివారం ఒకటి వెతికి పట్టుకుని, పులిహోర డబ్బాతో సహా ఆవిడను ఎల్బీ నగర్ అవతలున్న వినోదాల పార్కుకు తీసుకెళ్ళాను. మా ఆవిడా పిల్లలూ నీళ్ళల్లో దూకారు. మేమిద్దరం చక్రం దగ్గర క్యూలో చేరాం.

క్యూలో చేరేటప్పుడు నా గడ్డం నున్నగా ఉంది. గేటు దగ్గరికి వచ్చేసరికి దువ్వుకోవలసి వచ్చింది. మా ముందు ఒకే ఒక్క పెద్దమనిషి మిగిలాడు, జేబులో మూడు పెన్నులతో. "ఇదే ఆఖరి రౌండు. ఇంక బంద్ జేస్తున్నం" అన్నాడు చక్రం తిప్పే ఆపరేటర్. అత్తగారు కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషి వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఐస్‌క్రీం బండి చాటు నుంచి, చెట్ల వెనక నుంచి, బహుశా భూమిలోంచి కూడా బంధువులు పుట్టుకొచ్చారు. బావమరుదులు, తోడల్లుళ్ళు, వాళ్ళ పిల్లలు. నా అంచనాలో రెండు మండలాల జనాభా.

"ఏమండీ, ఇదేంటి?" అన్నాను.

"మావాళ్ళేనండీ. అందరి తరఫునా నేను నిలబడ్డాను కదా!"

"అందరి తరఫునా నిలబడ్డానికి మీరేమన్నా ఎమ్మెల్యేనా?" అన్నారు అత్తగారు.

"మీరు పెద్దవారండీ. ఈ వయసులో మీకెందుకు చెప్పండి, కళ్ళు తిరుగుతాయి."

అత్తగారి గొంతు పెగలకపోవడం నా సంసార జీవితంలో అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా వెనక చంపాపేట్ పెద్దావిడ ఒకరు అంతసేపూ పల్లీలు నములుతూ చూస్తున్నారు. పొట్టు దులుపుకుని ముందుకొచ్చారు.

"ఏడిస్తే ఎవ్వడింటడమ్మా? గేటుకు అడ్డం కూసో. మేం రోజూ రోడ్ల మీద చేస్తున్నది గదే."

అత్తగారు రుమాలు పరచుకుని, ఒద్దికగా ఒక వారగా కూర్చున్నారు.

"గిది పేరంటం కూసునుడు! కాళ్ళు జాపు. సంచి అడ్డం పెట్టు. ఓ అల్లుడా, నువ్వేంది చూస్తున్నవ్? అటు దిక్కు నువ్వు కూసో. డబ్బల ఏమున్నది?"

"పులిహోరండీ."

"తియ్యి మరి. బుక్క నోట్ల ఉన్నోళ్ళను ఎవ్వడూ లేపడు."

పులిహోర క్యూ చివరిదాకా వెళ్ళింది. తిన్నవాళ్ళు తిన్నచోటే కూర్చున్నారు. "ఏం కావాలె?" అని చంపాపేట్ ఆవిడ అరిచారు. "చక్రం కావాలి!" అన్నారు అత్తగారు. గొంతు తిరిగొచ్చింది! పార్కులో ఉన్న సిమెంటు ఏనుగు చెవులు మూసుకోవడం నేను కళ్ళారా చూశాను.

"పెద్దమ్మా, జర లెవ్వుండ్రి. కమిటీ లెక్క ఏదన్న ఏసి మాట్లాడుదం" అని ఆపరేటర్ బతిమాలాడు.

"కమిటీ మాట ఎత్తకు బిడ్డా! గా కమిటీలను చూసి చూసి కండ్లు కాయలు కాసినయ్."

మూడు పెన్నుల పెద్దమనిషి సాయం కోసం వెనక్కి చూశాడు. తోడల్లుళ్ళు ఇద్దరూ అప్పటికే మా వైపు కూర్చుని వేళ్ళు నాకుతున్నారు. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

మేం ముగ్గురం ఒకే తొట్టెలో ఎక్కాం. చందమామ మోకాలికి తగిలేంత పైకి వెళ్ళాక నేను కళ్ళు మూసుకున్నాను.

"అదుగో, మా వనస్థలిపురం!"

"ఏడిదమ్మా? గది మా చంపాపేట్."

రాష్ట్రం సంగతి ఢిల్లీలో ఇంకా తేలలేదు కానీ, ఆ రెండు కాలనీల హద్దులు ఆకాశంలో అప్పుడే తేలిపోయాయి. వాటర్ ట్యాంకు ఇటు, సినిమా హాలు అటు.

చక్రం ఆగింది. నేను దిగాను, అంటే దొర్లాను. వాళ్ళిద్దరూ కదల్లేదు. అత్తగారు కాళ్ళు జాపి, సంచి అడ్డం పెట్టారు.

"ఇంకో రౌండు తిప్పేదాకా దిగేది లేదు!"

"జల్దిన నేర్సుకున్నవమ్మా" అన్నారు చంపాపేట్ ఆవిడ, పంతులమ్మలా మురిసిపోతూ.

ఆపరేటర్ నావైపు తిరిగాడు. "సార్, మీ అత్తమ్మకు జర చెప్పుండ్రి!"

నేనేం చెప్పను? అప్పటికే గేటు పక్కన చతికిలబడి, బయటి నుంచి మద్దతు ప్రకటించేశాను.