నవంబర్ 19 బోర్డు రాశాను, రత్నం అక్కా

నిన్న మధ్యాహ్నం బావగారి ఫోన్. "మీ అక్క పోయిందమ్మా" అన్నారు.

ఏ అక్క అని అడిగాను. బుర్ర పనిచేయలేదు.

రత్నం అక్క. పటమటలో ఎస్టీడీ బూత్ రత్నం అక్క. గుండెపోటు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

మొన్ననే కదా నన్ను తిట్టింది!

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. తొంభైల్లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ అక్క బూత్‌లో పార్ట్‌టైమ్ కూర్చునేదాన్ని. బయట ఒక నల్లబోర్డు ఉండేది. పైన 'చరిత్రలో ఈ రోజు' అని హెడ్డింగ్, కింద రెండు మూడు సంగతులు. రోజూ పొద్దున్నే అక్కే రాసేది. చదివింది ఏడో క్లాసు. లైన్ కలిసేదాకా జనం అదే చదివేవాళ్ళు. మా కోచింగ్ బ్యాచ్ అయితే నోట్స్‌లో ఎక్కించుకునేది.

ఓసారి జూలై 21న 'మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన రోజు' అని రాసింది. నేను గొప్పగా గైడ్ తెచ్చి చూపించాను. అందులో 20 అని ఉంది.

"అది అమెరికావోళ్ళ గడియారం. అప్పటికి మనకి తెల్లారి ఎనిమిది దాటింది. మా నాన్న రేడియో పెట్టి ఊరందరికీ చెప్పాడు. మన బోర్డు మీద మన తేదీయే ఉంటది" అంది.

లెక్క వేసి చూశాను. అక్కే కరెక్ట్.

ఇక అసలు సంగతి. ఒక నవంబర్ 19న అక్క రావడం లేటయింది. సరే కదా అని గైడ్ చూసి బోర్డు నేనే రాసేశాను. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడి వెయ్యో గోల్. రాత బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

అక్క వచ్చి చదివింది. "పుస్తకంలో ఇంకేం లేదా?" అంది. లేదన్నాను.

"మా నాన్న, తమ్ముడు ఉప్పెనలో పోయింది ఇయ్యాలేనమ్మా."

1977 దివిసీమ ఉప్పెన. కృష్ణా జిల్లాలో పుట్టి, పోటీ పరీక్షలకి చదువుతూ, ఆ తేదీ నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు అత్తతో కలిసి ఎండుచేపలు అమ్మడానికి వన్ టౌన్ వచ్చి ఉండబట్టి తను మిగిలింది. ఏటా ఈ రోజు కావాలనే లేటుగా వచ్చి బోర్డు ఖాళీగా వదిలేసేదట. రాయడానికి చెయ్యి రాక.

"మేం తద్దినం తిథిని బట్టి పెట్టుకుంటాం. తేదీ ఎవరు గుర్తెట్టుకుంటారు? అందుకే మావోళ్ళు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు" అంది.

గోల్ తుడిపేసింది. 'దివిసీమ ఉప్పెన' అని రాసి, కింద నాన్న పేరు, తమ్ముడి పేరు రాసింది.

ఫోన్ కోసం లైన్‌లో నిలబడ్డ నాగాయలంక ఆయన ఒకరు ముందుకొచ్చారు. "అమ్మా, మా ఇంటిదాని పేరు కూడా రాస్తావా?"

సాయంత్రానికి బోర్డు నిండిపోయింది.

మరుసటేడు నుంచి ఆ ఒక్కరోజు పేర్లే. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ పోయింది, జిరాక్స్ మిషన్ వచ్చింది. బోర్డు మాత్రం పోలేదు. ఎవరో ఒకరు వచ్చి తమవాళ్ళ పేరు చెప్పేవారు, అక్క నోట్‌బుక్‌లో రాసుకునేది.

మొన్న నన్ను తిట్టిందీ అందుకే. "పోయినేడు రాలేదేంటే? నాకు చెయ్యి వణుకుతోంది. ఈసారి నువ్వే రాయాలి."

అక్క పోయింది నిన్న, 18న. ఈ రోజు 19.

పొద్దున్నే వెళ్ళి షాపు తాళం అడిగాను. "ఇయ్యాల వద్దులేమ్మా. మనిషి ఇంట్లో అలా ఉండగా ఏం బాగుంటది?" అన్నారు బావగారు. ఆయన బాధ నాకు తెలుసు. అయినా వినలేదు.

"ఒక్క పేరు తప్పినా అక్క ఊరుకోదు బావగారూ" అన్నాను.

ఆయనే నోట్‌బుక్ వెతికి ఇచ్చారు. నాతో వచ్చి, పక్కన నిలబడి ఒక్కో పేరూ చదివారు. నేను రాశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, అందరినీ. ఆ తర్వాతే అక్కని కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళాం.

అక్కా, నీ తద్దినం మీవాళ్ళు తిథి చూసే పెడతారు. పెట్టనీ.

వచ్చే ఏడు నుంచి నవంబర్ 18 బోర్డు మీద మాత్రం నీ పేరు ఉంటుంది. నేనే రాస్తాను.

నాన్న దగ్గర, తమ్ముడి దగ్గర చల్లగా ఉండక్కా.