ముందే తీసేసిన సగం

నా చిన్నప్పుడు లెక్కల పరీక్షంటే ప్రాణం మీదికొచ్చేది. ఏడో తరగతి తప్పితే బడి మాన్పించి మిరపకోతకు తీసుకుపోతానని మా నాన్న తేల్చి చెప్పేశాడు. ఆయన చెడ్డవాడని కాదు, పాపం, పని చేసి చేసి విసిగిపోయాడు. కారంపూడి దగ్గర వేరేవాళ్ల పొలం పాలుకు చేసేవాళ్లం. పండినదాంట్లో సగం కల్లంలోనే ఆసామికి కొలిచి ఇచ్చేసి, మిగతాది ఇంటికి తెచ్చుకునేవాళ్లం.

ఆ ఏడు పరీక్షలో ఒక లెక్క వచ్చింది. ఒక రైతు తన పంటలో పావు వంతు అమ్మాడు, ఇంకా ఎంత మిగిలింది అని. నేను పావు అని రాశాను.

మా లెక్కల సారు పేపర్లు దిద్దుతూ నన్ను బల్ల దగ్గరికి పిలిచారు. రోజూ వినుకొండ నుంచి బస్సులో నిలబడి వచ్చే మనిషి, ముఖమంతా పీక్కుపోయి ఉంది. అయినా ఎర్రపెన్ను పక్కన పెట్టి, నేను చేసిన తీసివేతలన్నీ వరసగా చూశారు.

“ఏమే, ఒకటిలోంచి సగం ముందే తీసేశావు. ఆ సగం ఏమైంది?”

“ఆసామికి పోయింది సార్.”

నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. పేపరు నా వైపు తిప్పారు.

“తీసివేత బానే చేశావు. కానీ ఈ లెక్కలో రైతుకి పొలం సొంతం. ఎవరికీ ఇవ్వక్కర్లా. మళ్లీ చెయ్యి.”

అక్కడే నిలబడి చేశాను. ముప్పావు వచ్చింది. నాకు నమ్మబుద్ధి కాలేదు.

“అంత మిగులుద్దా సార్?” అని అడిగాను.

ఆయన ఎర్రపెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. నేను పరీక్షలో రాసిన జవాబుకి మార్కు వెయ్యలేదు గానీ, చేసిన పద్ధతికి వేశారు. ఆ మార్కులతోనే గట్టెక్కాను. బడి నిలిచింది.

తర్వాత నేనూ లెక్కల టీచరునే అయ్యాను. రిటైరయ్యాక ఇప్పుడు నరసరావుపేటలో ఒక ట్యూషన్ సెంటరు వాళ్ల పేపర్లు దిద్దుతున్నాను. నడుం పట్టేస్తుంది, కళ్లు మండుతాయి, కట్టలు మాత్రం తరగవు. “జవాబు తప్పయితే సున్నా వేసెయ్యండి మేడం, అదంతా చదవటం ఎందుకు?” అంటాడు అక్కడి కుర్రాడు. వాడి తలకాయ! నాకూ ఓపిక లేదు, నిజమే. అయినా ఏ పిల్ల జవాబైనా ఉండాల్సినదానికంటే తక్కువ వస్తే నా చెయ్యి ఆగిపోతుంది. ఆ పిల్ల ఇంట్లో ముందే ఏం పోయిందో చూడకుండా సున్నా వెయ్యడం నా వల్ల కాదు.