అమావాస్య నాడు ఊగిన గీత

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ చివరి ఏడాదికి వచ్చిన వాళ్లందరికీ తమకు తెలియనిది లేదనిపించేది. నాకది కాస్త ఎక్కువగానే అనిపించేది. కోదాడ కాలేజీలో నా ప్రాజెక్టు అంతరిక్ష నౌక మీద. (బస్సులో సూర్యాపేట చేరేలోపే వాంతి చేసుకునేదాన్ని.) నౌక లోపలి వేడిని గొట్టాల్లో తిరిగే ద్రవం బయటికి మోసుకెళ్తుంది. వేడి పెరిగే కొద్దీ ఆ ద్రవం నిలకడగా పారుతుందా, తడబడుతుందా అని కంప్యూటరులో లెక్క కట్టాలి. తెల్లారితే పరీక్ష, ఫలితం చూపకపోతే ఏడాది పోయినట్టే. హాస్టల్లో కరెంటు నిలవక, జనరేటర్ ఉందని మిర్యాలగూడలో మా మేనమామ రైస్ మిల్లుకు లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను.

ఆ రోజు అమావాస్య. మా మామ వాళ్లు అమావాస్య నాడు యంత్రం ముట్టరు. ఎప్పుడూ చెవులు చిల్లులు పడే ఆ షెడ్డు పట్టపగలే మసకగా, నిశ్శబ్దంగా ఉంది. అదృష్టం కొద్దీ కరెంటు పోలేదు, జనరేటర్ అవసరమే పడలేదు. పొద్దుటి నుంచి తెర మీద తిన్నగా సాగుతున్న ప్రవాహపు గీత మధ్యాహ్నం ఉన్నట్టుండి వణికింది. లేచింది, పడింది, మళ్లీ లేచింది. నేను ఏ మీటా నొక్కలేదు. అప్పుడే పక్కనున్న బాయిలర్ గదిలోంచి ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడు. పొయ్యి నిన్ననే ఆర్పేశారు. అయినా గీత లేచినప్పుడల్లా అటు ఒక నిట్టూర్పు! (కారణం నాకు ఇప్పటికీ తెలియదు.) హడలిపోయి ఆ గీతను ఫోనుతో ఫొటో తీశాను, రేపు ఎవరూ నమ్మరని.

అన్నం గిన్నెతో వచ్చిన అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమాస పూట మిషన్ చాలూ చేసినవా బిడ్డా?"

"ఇది మిషన్ కాదత్తమ్మా, లెక్క."

"లెక్కయితే గట్ల ఊపిరెందుకు తీసుకుంటున్నది? జర బంద్ జెయ్యి."

"ఆపితే ఫలితం పోతది అత్తమ్మా, నేను ఫెయిలైత!"

అత్తమ్మ గిన్నె అక్కడే పెట్టి ఇంట్లోకి నడిచింది. కణకణలాడే నిప్పుల మీద సాంబ్రాణి వేసి తెచ్చి లాప్‌టాప్ పక్కనే పెట్టింది. నౌకను చల్లబరిచే లెక్క చేస్తున్న యంత్రం కాసేపటికే వేడెక్కి ఆరిపోయింది. పక్క గదిలో నిట్టూర్పూ ఆగిపోయింది. ఇద్దరం చేతులు పట్టుకుని బయటికి పరుగెత్తాం. (ముందు పరుగెత్తింది ఇంజనీరే.)

మర్నాడు పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దాయనకు చూపడానికి ఆ ఫొటో ఒక్కటే మిగిలింది.

"ఇది ఎందుకు ఊగుతోందమ్మా?"

"నిన్న అమావాస్య సార్," అనేశాను.

ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "వేడి హద్దు దాటితే ద్రవం కొంత ఆవిరై ప్రవాహం ఇలాగే ఊగుతుంది. నువ్వు వెతుకుతున్నది దీన్నే కదా, దొరికాక జడుసుకుంటే ఎలా?" అని పాస్ చేశారు.

ఇప్పుడు నా ఉద్యోగమే ఇలాంటి గీతలు చూడడం. గీత వణికితే కాఫీ తాగుతూనే కారణం చెప్పేస్తాను, గుండె కొంచెమైనా అదరదు. అన్నీ తెలిసిన ఈ పెద్దమనిషిని అద్దంలో చూస్తే నాకే నవ్వొస్తుంది. జడుసుకుని పరుగెత్తిన ఆ పిల్లంటేనే నాకు ఇష్టం. ఈ మధ్య తను బొత్తిగా కనిపించడం లేదు.